పాత సంపుటాలను తూకానికి ఇవ్వనీయకండి

గౌరవనీయులైన తమిళనాడు ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. నేను చెన్నైలో ముప్పై ఏళ్లు ఆంగ్ల సాహిత్యం బోధించి పదవీ విరమణ చేసిన తెలుగువాణ్ణి. కిందటి నెలలో ఇక్కడి ఒక కళాశాల గ్రంథాలయానికి వెళ్లినప్పుడు, పరిశోధన పత్రికల పాత సంపుటాలను తాళ్లతో కట్టి, పాత కాగితాల వ్యాపారికి ఇవ్వడానికి వరండాలో పేర్చి ఉంచడం చూశాను. అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయనీ, స్థలం చాలడం లేదనీ అన్నారు.

ఆ కట్టల్లో 'జర్నల్ ఆఫ్ కామన్వెల్త్ లిటరేచర్' ఉంది. 1964లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సు దరిమిలా 1965లో మొదలైన ఆ పత్రిక, భారతీయ, ఆఫ్రికన్, కరీబియన్ రచయితలను ఒకచోట చేర్చింది. వారిని కలిపిన బంధం బ్రిటిష్ పాలన మిగిల్చిన ఆంగ్లభాష. ఏటా దేశాలవారీగా వేసిన గ్రంథసూచులను తిరగేస్తే ఆ చూపు తెలుస్తుంది. 1978లో సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ గ్రంథం 'ఓరియెంటలిజం' వెలువడ్డాక, ఏ దేశంలో ఏం రాశారన్న ప్రశ్నను దాటి, పాలించినవారి జ్ఞానం పాలితులను ఎలా చిత్రించిందన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఈ రంగంలోనిదే మరో పత్రిక 'వరల్డ్ లిటరేచర్ రిటన్ ఇన్ ఇంగ్లిష్' 2005లో 'జర్నల్ ఆఫ్ పోస్ట్‌కలోనియల్ రైటింగ్' (వలసపాలన అనంతర రచన) అయింది. కామన్వెల్త్ పత్రిక కూడా ఇటీవల 'కామన్వెల్త్' అన్న మాటను వదులుకుని, 'ఎంపైర్' (సామ్రాజ్యం) అన్న మాటను శీర్షికలోకి తెచ్చుకుంది. ఒక అధ్యయన రంగం తన పేరుతో తానే తగవుపడిన ఈ చరిత్రను, అరలో వరుసగా నిలిచిన సంపుటాల ముందు నిలబడి నా విద్యార్థులు గ్రహించేవారు. పదం వెతికితే విడి వ్యాసం చూపే తెరమీద అది అంత తేలికగా అందదు.

ప్రభుత్వ విద్యాసంస్థలు పరిశోధన పత్రికలను ఇంటర్నెట్‌లో చదువుకునేలా కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం తేవడం నిజంగా మేలు. అయితే అది ప్రస్తుతానికి 2025 నుంచి 2027 వరకే మంజూరైన చందా. చందా ఆగితే ఏం మిగులుతుందో ఎవరు చెప్పగలరు? కొన్న సంపుటం మాత్రం మనది. ఈ మద్రాసులోనే 1924లో పుట్టిన తెలుగు సాహిత్య పత్రిక 'భారతి' పాత సంచికల కోసం తెలుగు పరిశోధకులు ఎంత తిరిగారో నేనెరుగుదును.

అందుచేత, ఏ కళాశాల అయినా పత్రికల సంపుటాలను తొలగించే ముందు జాబితాను మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పంపాలనీ, అక్కడ లేనివాటిని ఉచితంగా అప్పగించాలనీ ఉత్తర్వు ఇప్పించమని వేడుకుంటున్నాను. రవాణా ఖర్చు తప్ప దీనికి పెద్ద వ్యయం ఉండదు. నేను చూసిన కట్టలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. వానలు మొదలయ్యేలోగా నిర్ణయం వెలువడితే వాటినైనా దక్కించుకోగలం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, చెన్నై