కార్జంలో విషం కాదు, విటమిన్ ఎ చూడండి

సంపాదకులకు,

‘కార్జం ఒంట్లో మురికిని పట్టే జల్లెడ, తినకూడదు’ అనే మాట మాంసం కొట్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. కాలేయం పని విషాలను మూటగట్టి దాచడం కాదు. చాలావాటిని నీటిలో కరిగేలా మార్చి మూత్రంలోకో, పైత్యరసంలోకో పంపేస్తుంది. దాచుకునేది గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర రూపం), ఇనుము, బి12, విటమిన్ ఎ.

జాగ్రత్త ఆ చివరిదానితోనే. 100 గ్రాముల గొర్రె కార్జంలో సుమారు 7,000 మైక్రోగ్రాముల విటమిన్ ఎ ఉంటుంది. పెద్దలకు రోజుకు గరిష్ఠ పరిమితి 3,000. ‘రక్తం పడుతుంది’ అంటూ గర్భిణికి కార్జం వండిపెట్టడం ప్రేమే కావచ్చు, కానీ ఈ విటమిన్ మోతాదు మించితే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, బిడ్డకు అవకరాలు రావచ్చు. వాళ్లకు డాక్టర్ ఇచ్చే ఐరన్ మాత్రలున్నాయిగా! మిగతావాళ్లకు వారానికోసారి 50–75 గ్రాములు చాలు. గౌట్ (యూరిక్ ఆమ్లం పెరిగి వచ్చే కీళ్లవాపు) ఉన్నవాళ్లు ముట్టకపోవడమే మేలు.

కొనేటప్పుడు ఒక ముక్క కోయించి చూడండి. లోపలి నాళాలు తెల్లగా, గొట్టాల్లా గట్టిపడి ఉంటే కార్జపు జలగలనే పరాన్నజీవుల (లివర్ ఫ్లూక్) పనే కావచ్చు, వద్దనండి. కోడి కార్జం మీద ఆకుపచ్చ మరక ఉంటే పిత్తాశయం పగిలిందని అర్థం. కడిగితే చేదు పోదు, అంతమేర కోసి పారేయాలి.

బొటనవేలంత ముక్కలు ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లితో 6–8 నిమిషాల్లో ఉడికిపోతాయి. మధ్యకు కోస్తే నెత్తురు చెమ్మ కనిపించకూడదు. కుక్కర్లో విజిళ్లు పెట్టారంటే ముక్క గట్టిపడి, సున్నంలా పొడిపొడిగా రాలుతుంది.

– ఒక పోషకాహార నిపుణురాలు, గుంటూరు