శీనుగాడికి ఆవిరి లెక్క

ఒరేయ్ శీనూ,

"పొగలో కార్బన్ డయాక్సైడ్ పట్టుకోడానికే ఆవిరంతా పోతే ఇక కరెంటు ఏం తీస్తాంరా?" అని ఫోన్ పెట్టేశావు చూడు, అది వారం నుంచి నా బుర్ర తొలుస్తోంది. రోజంతా టర్బైన్ పక్కన ఉండేవాడివి, నీ కోపం న్యాయమే.

ముందు నా పరువు పోయిన కథ విను. మామూలు ఎమైన్ ద్రావణంతో (చల్లగా ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని, వేడిచేస్తే వదిలేసే రసాయనం) టన్ను వాయువు పట్టాలంటే రీబాయిలర్‌కి, అంటే మీ టర్బైన్ ఆవిరితో ఆ ద్రావణాన్ని మరిగించే పాత్రకి, సుమారు 3.6 గిగాజౌళ్ల వేడి కావాలి. అదే టన్నుని బొగ్గు పొగలోంచి విడదీయడానికి థర్మోడైనమిక్స్ అడిగే కనీస పని 0.16 గిగాజౌళ్లు మాత్రమే. భాగిస్తే నూటికి 4 మార్కులు! కానీ వేడినీ పనినీ ఒకే తక్కెడలో తూయకూడదు కదా, 120 డిగ్రీల వేడిలోంచి ఎంత పని రాబట్టగలమో చూడాలి, దాన్నే ఎక్సర్జీ అంటారు. సరేనని బయటి వేడి 30 డిగ్రీలని 120తో భాగించి, 1లోంచి తీసేసి, 0.75 అని మీటింగ్‌లో ధీమాగా చూపించాను. సెల్సియస్‌లో! మా గైడ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అంతే, ఒక్క మాటా అనలేదు. కెల్విన్‌లో వేస్తే 0.23. అంటే ఆ 3.6 విలువ పనిలో 0.82 దాకా, మార్కులు 20కి చేరాయి. నీకు దక్కాల్సిన కరెంటులో పోయేది ఈ 0.82 రా, 3.6 కాదు.

మిగతా 80 ఎక్కడ పోతోందన్నదే అసలు మజా. స్ట్రిప్పర్ (ద్రావణాన్ని వేడిచేసి వాయువుని వెళ్లగొట్టే గోపురం) నెత్తి నుంచి వాయువుతో పాటు బోలెడు నీటి ఆవిరి వస్తుంది, ఇడ్లీ పాత్ర మూత తీస్తే ముఖాన కొడుతుందే, అలాగ. దాన్ని తీసుకెళ్లి కూలింగ్ వాటర్‌కి అప్పగిస్తారు, డబ్బిచ్చి కొన్న వేడిని కాలవలో పోసినట్టు! అబ్జార్బర్ (ద్రావణం పొగలోంచి వాయువుని పీల్చుకునే గోపురం) నుంచి వచ్చే చల్లటి ద్రావణంలో కొంత వేడెక్కించకుండా నేరుగా స్ట్రిప్పర్ పైన పోస్తే ఆ ఆవిరి అందులోనే చల్లబడి నీరై వేడి మనకే మిగులుతుంది. టెక్సాస్ యూనివర్సిటీ, ఆస్టిన్‌లో గ్యారీ రోషెల్ బృందం ఈ కిటుకుని పైపరజీన్ అనే మరో ఎమైన్‌తో కలిపి నడిపింది. అది 150 డిగ్రీల దాకా పాడవదు, వాయువు ఎక్కువ ప్రెషర్‌లో బయటికొస్తుంది, కంప్రెసర్‌కి పని తగ్గుతుంది. అంత ఎక్కువ డిగ్రీల వేడి మరీ ఖరీదు కదా అంటావేమో, అదీ నిజమే, అయినా మొత్తమ్మీద లాభమే.

మన దేశంలోనూ వింధ్యాచల్ ఎన్‌టీపీసీలో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు 2022లో మొదలైంది. 500 మెగావాట్ల యూనిట్ రోజూ వదిలే పొగ ముందు అది చెంచాడే అనుకో.

అన్నట్టు, మీ ఐపీ (మధ్యస్థ ప్రెషర్), ఎల్‌పీ (తక్కువ ప్రెషర్) టర్బైన్ల మధ్య ఆవిరి ఎంత ప్రెషర్‌లో, ఎంత వేడిలో ఉంటుందో రాసి పంపు. ఈసారి కెల్విన్‌లోనే వేస్తాను, ఒట్టు.

నీ
రవి