సంక్రాంతి సెలవులకు ముందు: డాబాలు, కిటికీలు, ఒక హార్లెం డాక్టరమ్మ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన సంక్రాంతి సెలవులయ్యాక నాలుగో తరగతి కుర్రాడొకడు చేతికి సిమెంటు కట్టుతో బడికొచ్చాడు. "పిట్టగోడ ఎక్కావా?" అని గదమాయించాను. "లేదు టీచర్, మెట్ల గది పైకెక్కాం. అక్కడైతే గాలి బాగుంటుంది. దారం లాగుతూ వెనక్కి నడిచా" అన్నాడు. మెట్ల గది కప్పుకి పిట్టగోడ ఎవరు కడతారు? పడింది డాబా మీదకి కాబట్టి చెయ్యితో పోయింది, వీధి వైపు కాదు. వాడు అల్లరేం చేయలేదు, పతంగి వంక చూస్తున్నాడంతే. నా గదమాయింపు అనవసరమని అప్పుడే తెలిసింది.

ఆ సంగతి మనసులో ఉండగా బార్బరా బార్లో గారి గురించి చదివాను. ఆవిడ న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో పిల్లల సర్జన్. 1970ల్లో అక్కడికి కిటికీల్లోంచి పడిన పిల్లలు వస్తూనే ఉండేవారు. ఎత్తైన పాత అపార్ట్‌మెంట్లు, వేసవి ఉక్క, తెరిచిన కిటికీలు. ఆవిడ ఆపరేషన్లు చేసి ఊరుకోకుండా, పిల్లలు ఎన్నో అంతస్తు నుంచి పడుతున్నారో, ఎలా పడుతున్నారో లెక్క తీశారు. అప్పటికే నగర ఆరోగ్య శాఖ 'పిల్లలకు ఎగరడం రాదు' అనే పేరుతో ఇంటింటికీ మనుషుల్ని పంపి, కిటికీలకు కమ్మీలు ఉచితంగా ఇస్తోంది. 1976లో చిన్నపిల్లలున్న ఫ్లాట్లకు ఇంటి యజమానే కమ్మీలు బిగించాలని రూలు కూడా వచ్చింది. 1981 నాటికి కిటికీల నుంచి పడి హార్లెం ఆసుపత్రిలో చేరే పిల్లలు 96 శాతం తగ్గిపోయారు.

తల్లులకు నీతులు చెబితే తగ్గిన లెక్క కాదిది. ఇనుప కమ్మీ తగ్గించింది. మనమేమో పిల్లాడు పడ్డాడనగానే "వాళ్లమ్మ ఏం చేస్తోంది?" అంటాం. పోపు వేస్తోందండీ, ఇంకేం చేస్తుంది! రెండు మూడేళ్ల పిల్లల ఒంటి బరువులో తల వాటా పెద్దవాళ్లలో కంటే ఎక్కువ. కిటికీలోంచి వంగితే ముందు తలే పోతుంది. కన్నార్పకుండా కాపలా కాయడం ఎవరి వల్లా కాదు.

బార్లో గారు అక్కడితో ఆగలేదు. 1988లో హార్లెం ఆసుపత్రి నుంచే గాయాల నివారణ కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ చుట్టుపక్కల ఆటస్థలాలు తిరిగి, ఫొటోలు తీయించి, అధికారుల ముందు పెట్టి బాగు చేయించారు. పిల్లలకు వీధి తప్ప వేరే చోటు లేదని డ్యాన్సు, బేస్‌బాల్, బొమ్మలు వేయడం లాంటివీ పెట్టించారు. ఒక సర్జన్‌కి ఇవన్నీ ఎందుకని అడిగినవాళ్లు ఉండే ఉంటారు.

అది చదివిన మర్నాడే మా అటెండరూ నేనూ టేపు పట్టుకుని బడంతా తిరిగాం. న్యూయార్క్‌లో కమ్మీల మధ్య సందు నాలుగున్నర అంగుళాలు దాటకూడదు. మన రెండో అంతస్తు వరండా రెయిలింగులో ఒకచోట ఆరున్నర ఉంది! పైగా దానికి ఆనించి ఒక బెంచీ. పదకొండేళ్లుగా రోజూ ఆ బెంచీ పక్క నుంచే నడుస్తున్నాను. బెంచీ ఆ పూటే తీయించాం.

ఇళ్లలో మీరూ ఒకసారి చూడండి. కిటికీ కింద మంచం, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ ఉంటే జరపండి. గ్రిల్లు కమ్మీలు అడ్డంగా ఉంటే అవి పిల్లలకు నిచ్చెన మెట్లే, దాని లోపల వైపు వల కట్టించండి. మెట్ల గది పైకి, ట్యాంకు దగ్గరికి వెళ్లే ఇనుప నిచ్చెన ఉంటే పండగ నాలుగు రోజులూ తీసి లోపల పెట్టండి. పతంగులు ఖాళీ స్థలంలో ఎగరేయిస్తే ఇంకా మేలు. నైలాన్ మాంజా అసలొద్దు, 2017 నుంచి దేశమంతటా నిషేధం.

రెయిలింగుకి ఈ శనివారం వెల్డింగు పెట్టిస్తున్నాం. ఆ రోజు పై అంతస్తు తరగతులు కింద ప్రార్థన హాల్లో జరుగుతాయి. చాపలు తక్కువ పడేలా ఉన్నాయి. మీ ఇంట్లో ఒకటి ఉంటే పిల్లలతో పంపండి, చాప మీద పేరు రాసి మరీ.

మీ
ప్రధానోపాధ్యాయురాలు