కలిసి చూద్దామన్న సినిమా, ఒక్కణ్ణే చూసేశాను

ఒరేయ్ బక్కోడా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించు. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగానే జరిగింది, ఇప్పుడు వాకర్ లేకుండా నడుస్తోంది. చిన్నోడు పదో తరగతికి వచ్చాడు. నా బదిలీ ఆగింది. మిగతావన్నీ తర్వాత రాస్తా. ముందు ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

హిచ్‌కాక్ 'సైకో'కి రీమేక్ చూశాన్రా. అదే, 1998లో గస్ వాన్ శాంట్ తీసింది. ఇద్దరం కలిసే చూద్దామని హాస్టల్లో ఒట్టేసుకున్నాం కదా, ఆ ఒట్టు తప్పాను. శనివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక లైట్లన్నీ ఆర్పేసి ఎంత ఆశగా కూర్చున్నానో!

మొదటి షాట్‌కే నీకు ఫోన్ చెయ్యాలనిపించింది. ఫీనిక్స్ నగరం మీదుగా కెమెరా గాల్లో తేలుతూ వచ్చి, హోటల్ కిటికీలోంచి లోపలికి దూరుతుంది. 1960లో పాతది తీసినప్పుడే హిచ్‌కాక్ అలా తీద్దామనుకున్నాడు, అప్పట్లో కుదరలేదు. పెద్దాయన కోరిక ఇన్నాళ్ళకి తీరింది కదా అని ఒళ్ళు పులకరించింది. అంతే, మళ్ళీ అలా అనిపించలేదు.

దాదాపు షాట్‌కి షాట్ పాతదే తీశాడు. జోసెఫ్ స్టెఫానో రాసిన అవే మాటలు. బెర్నార్డ్ హెర్మన్ సంగీతాన్నే డానీ ఎల్ఫ్‌మన్ కొత్తగా రికార్డు చేశాడు. హీరోయిన్ మారియన్ ఎత్తుకెళ్ళే 40,000 డాలర్లు మాత్రం కాలానికి తగ్గట్టు 4,00,000 అయ్యాయి. అన్నీ ఉన్నాయి, భయం లేదు. ఎందుకు లేదు? నాలుగు రోజులుగా ఇదే ఆలోచన.

స్నానం చేస్తున్న మారియన్‌ని పొడిచి చంపే బాత్రూమ్ సీనే తీసుకో. పాతదాంట్లో ముప్పావు నిమిషం ఉంటుందేమో, దానికి వారం రోజులు షూటింగ్ చేశారు. నెత్తురుకి చాక్లెట్ సిరప్, కత్తిపోటు చప్పుడుకి ఖర్బూజా లాంటి పండు. కత్తి దిగడం మనకి సరిగా చూపించనే లేదు, అయినా చూసినట్టే ఉంటుంది. నువ్వైతే నెల రోజులు గడియ పెట్టకుండా, నన్ను బయట కాపలా పెట్టి స్నానం చేశావు. ఇప్పుడైనా గడియ పెడుతున్నావా? కొత్తదాంట్లో ఎర్రటి రక్తం, వీపు మీద గాయాలు, అన్నీ చూపించాడు. మధ్యలో మబ్బులు! అవున్రా, అక్కడ ఆమె ప్రాణం పోతుంటే ఇక్కడ మబ్బులు కదులుతాయి. మెట్ల మీద డిటెక్టివ్‌ని పొడిచే చోటైతే... వద్దులే, అది నువ్వే చూడు.

నా అసలు బాధ మారియన్ దిగిన ఆ మోటల్ నడిపే నార్మన్ గురించి. పాతదాంట్లో ఆంథొనీ పెర్కిన్స్‌ని తలుచుకో. ఆ మొహమాటం, ఆ తడబాటు, మిఠాయి నములుతూ నిలబడే ఆ తీరు. పాపం, అమ్మకి భయపడి బతుకుతున్న కుర్రాడు అనిపించాడు కదా మనకి. వాడు తోసిన మారియన్ కారు ఊబిలో మునుగుతూ మునుగుతూ సగంలో ఆగిపోయినప్పుడు ఇద్దరం ఊపిరి బిగబట్టాం. డిక్కీలో శవం ఉందని తెలుసు. అయినా కారు మునగాలనే కోరుకున్నాం. మునిగాక నువ్వు "హమ్మయ్య" అన్నావు. అనేసి, తప్పు చేసినవాడిలా నా మొహం చూశావు. ఆ రాత్రి తెల్లారేదాకా మనం మాట్లాడుకున్నది నీ హమ్మయ్య గురించే.

శనివారం మళ్ళీ అదే కారు, అదే ఊబి, అలాగే ఆగింది. నాకేమీ అనిపించలేదు. మునిగితే ఎంత, మునక్కపోతే ఎంత అన్నట్టు చూస్తూ ఉండిపోయా. కొత్త నార్మన్ విన్స్ వాన్ భారీ మనిషి, మాటకి ముందే కిసుక్కున నవ్వుతాడు. అతన్ని చూసీ మారియన్ ఆ గదిలో ఎలా కూర్చుందిరా! గోడ కన్నంలోంచి ఆమెని చూసే చోట హిచ్‌కాక్ ఆ చూపు దగ్గరే ఆగాడు. ఇక్కడ వాడేం చేస్తున్నాడో చప్పుడుతో సహా తెలిసిపోతుంది. ఉన్న కాస్త జాలీ అక్కడ పోయింది. వాడి మీద జాలి లేకపోతే ఆ కథలో భయం ఎక్కణ్ణించి వస్తుంది? నిజంగా ఏడుపొచ్చిందిరా. పాతదానికి ఏమీ కాలేదు, అది అలాగే ఉంది. అయినా...

వాన్ శాంట్ మీద కోపం లేదు. ప్రేమ లేనివాడు ఒక్కో షాట్‌నీ అంత జాగ్రత్తగా మళ్ళీ తియ్యడు. జూలియన్ మూర్ కూడా ఎవర్నీ అనుకరించకుండా మారియన్ తోబుట్టువు లీలా పాత్రని తనదైన తీరులో చేసుకుంది, ఆవిణ్ణి చూడు.

ఆదివారం పొద్దున్నే పాతది మళ్ళీ పెట్టుకున్నా. "పన్నెండు గదులు, పన్నెండూ ఖాళీయే" అని నార్మన్ అనగానే నెలాఖరున మన జేబులు గుర్తొచ్చి పకపకా నవ్వాను. ఆ నవ్వు విని చిన్నోడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నలుపు తెలుపు సినిమానా అని ముందు మొహం ముడిచాడు గానీ లేచి వెళ్ళలేదు. కారు ఊబిలో ఆగిన చోట నేను తెర చూడటం మానేసి వాడినే చూస్తున్నా. అప్పుడు వాడు...

అయ్యో, టపా కట్టేసే టైమైంది. పరిగెత్తాలి. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి, చెబుతా.

నీ
కాపలావాడు