నడకకు తోడొచ్చిన అందరికీ కృతజ్ఞతలు

ఇంగ్లండ్‌లోని కెంట్‌లో నార్త్ డౌన్స్ వే అనే కాలినడక దారిలో శరణార్థులతో, ఇమ్మిగ్రేషన్ డిటెన్షన్ (వలస కేసుల్లో పెట్టే నిర్బంధం) నుంచి బయటికొచ్చినవాళ్లతో కలిసి నడిచిన అన్నలకు, అక్కలకు, రాత్రికి చర్చి హాలు తెరిచి ఇచ్చినవాళ్లకు, కార్లు తిప్పినవాళ్లకు నమస్కారాలు. ఎందుకు నడిచామో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బ్రిటన్‌లో 18 ఏళ్లు దాటినవాళ్లను డిటెన్షన్‌లో ఎన్నాళ్లు ఉంచవచ్చో చట్టంలో గడువు లేదు, గర్భిణులకు తప్ప. గాట్విక్ విమానాశ్రయం పక్కనున్న బ్రూక్ హౌస్ అనే డిటెన్షన్ కేంద్రంపై జరిగిన విచారణ 28 రోజులు దాటకూడదని 2023లో సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2015లో రెఫ్యూజీ టేల్స్ అనే బృందం వాళ్లు మొదలుపెట్టిన నడకలూ ఇందుకే.

అన్నిటికంటే పెద్ద సాయం రైలు టికెట్లు ముందే కొనిపెట్టడం. 2024లో ఆశ్రయం కోరినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చింది వారానికి 49.18 పౌండ్లు, భోజనం పెట్టే హోటల్లో ఉంటే 8.86. చాలామందికి పని చేసే అనుమతి లేదు. అలాంటివాళ్లతో "టికెట్ కొనుక్కుని రండి, డబ్బు తర్వాత ఇస్తాం" అంటే రావద్దన్నట్టే. టికెట్లను కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చినవాళ్లకు ఇంకో దండం. ఫోన్‌లో డేటా అయిపోతే ఆ టికెట్ తెరుచుకోకపోవచ్చు.

హోమ్ ఆఫీసు (బ్రిటన్ హోం శాఖ) దగ్గరికి వెళ్లి సంతకం పెట్టే రోజు నడక మధ్యలో పడ్డవాళ్లను కార్లో తీసుకెళ్లి, మళ్లీ దారిలో కలిపారు. ఆ రోజు తప్పితే బెయిల్ షరతు తప్పినట్టే, మళ్లీ లోపల పెట్టే ప్రమాదం ఉంది. రాత్రి ఫలానా చిరునామాలోనే ఉండాలన్న షరతు ఉన్నవాళ్లను సాయంత్రం ఇళ్లకు దించారు.

బూట్లు అరువివ్వడం మంచి ఆలోచన, కానీ కొత్తవి వద్దు. వాడి మెత్తబడ్డవే కావాలి, లోపల రెండు జతల సాక్సులు. బొబ్బ లేచాక చేసేది తక్కువ. మడమ మండుతోందనగానే ఆగి టేపు వేయాలి. ఆ దారిలో తడిసిన సుద్దనేల సబ్బులా జారుతుంది, దిగుడులో చేతికర్ర తప్పనిసరి. కంచెలు దాటే మెట్ల దగ్గర మనిషికి 15 సెకన్లు వేసుకున్నా 60 మందికి పావుగంట. ముందువాళ్లు ఆగకుండా సాగిపోతే గుంపు తెగిపోతుంది. అందుకే అందరికన్నా వెనక నడిచిన ఇద్దరికి ప్రత్యేకంగా రుణపడ్డాం.

పులిహోర 40 మందికి 4 కిలోల బియ్యం సరిగ్గా సరిపోయింది. పల్లీలు విడిగా పెట్టడం వల్ల అలర్జీ ఉన్నవాళ్లూ తిన్నారు. మాంసం హలాల్ అయితేనే వండాలన్న పట్టుదల కూడా సరైనదే.

"ఏ దేశం, ఎందుకొచ్చారు, లోపల ఎన్నాళ్లున్నారు" అని అడగకుండా నడిచారు చూడండి, అది మన తెలుగువాళ్లకు అంత తేలిక కాదు! కేసు నడుస్తున్నవాళ్ల ముఖం ఫొటోలో పడితే ఊళ్లో ఉన్న కుటుంబానికే ముప్పు రావచ్చు. అందుకే ఇక్కడ పేర్లు, ఫొటోలు పెట్టలేదు. మీ ఫోన్లలో ఉన్నవి కూడా ఎవరికీ పంపకండి.

బూట్లలో 9, 10 సైజులు మిగిలాయి. 6, 7 తక్కువపడ్డాయి, ఇంట్లో వాడనివి ఉంటే ఇవ్వండి.