సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక

సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. నెలనెలా బీపీ చూడటం ఎప్పటిలాగే నడిచింది, గ్రంథాలయం గదికి సున్నం వేయించాం. ఈ ఏడు కార్యవర్గం గర్వంగా చెప్పుకునేది మాత్రం ఒక్కటే: గుండెపోటు వచ్చి, ‘నాకు షుగర్ లేదు’ అనే సభ్యులకు పెట్టిన గ్లూకోజ్ పరీక్ష శిబిరం.

లేని షుగర్‌కు పరీక్షేమిటని చాలామంది అడిగారు. పాత అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. షుగర్ జబ్బు లేకపోయినా, గుండెపోటుతో చేరినప్పుడు గ్లూకోజ్ హద్దు దాటినవారికి ఆస్పత్రిలోనే చనిపోయే ప్రమాదం 3.9 రెట్లు. ఆ హద్దు ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా, డెసిలీటరు రక్తానికి 110 నుంచి 144 మి.గ్రా. మధ్య ఉంది. 2002లో స్వీడన్ వైద్యులు 181 మంది ఇలాంటి రోగులను తీసుకుని డిశ్చార్జి వేళ గ్లూకోజ్ తాగించి చూస్తే 31 శాతానికి షుగరే తేలింది, 35 శాతానికి దాని ముందు దశ.

గుండెపోటు వేళ అడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి షుగర్ ఎగబాకుతుంది. ఆ ఒక్క అంకెతో జబ్బని తేల్చరాదు, అలాగని ఆ రిపోర్టు కాగితం పారేయనూ రాదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయిస్తే అంతకుముందు రెండు మూడు నెలల సరాసరి తెలుస్తుంది. రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా అది తప్పు చెబుతుంది.

శిబిరానికి డిశ్చార్జి అయి మూడు నెలలు దాటినవారినే పిలిచాం. రాత్రి నుంచి కనీసం 8 గంటలు పరగడుపు. 75 గ్రా. గ్లూకోజ్ 300 మి.లీ. నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగాలి. ప్యాకెట్ మీద మోనోహైడ్రేట్ (నీరు కలిసి ఉన్న గ్లూకోజ్) అని ఉంటే 82.5 గ్రా. తూచాలి. మొదటి గుక్క నుంచి సరిగ్గా రెండు గంటలకు రెండో రక్తం. ఈలోపు నడక, టీ, సిగరెట్ వద్దని బోర్డు పెట్టినా ఇద్దరు పెద్దలు గేటు బయట టీ కొట్టు దగ్గర దొరికారు. వారికి మరో రోజు చేశాం. వాంతి చేసుకున్నా అంతే, మళ్లీ మొదటికే.

రక్తం ఫ్లోరైడ్ ఉండే బూడిదరంగు మూత గొట్టాల్లోనే తీశాం. మామూలు గొట్టంలో రక్తకణాలే గంటకు 5-7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. ఫ్లోరైడ్ కూడా మొదటి గంటా రెండు గంటలూ దీన్ని పూర్తిగా ఆపదు, అందుకే ఐసు కావాలి. ఐసు పెట్టె తెస్తానన్న వలంటీరు ఫోనే ఎత్తలేదు. పేర్లిచ్చిన మిగతా వలంటీర్లలోనూ సగం మంది రాలేదు. నర్సును పంపమని రెండుసార్లు రాసిన ఉత్తరాలకు అధికారుల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

రెండు గంటల అంకె 140 లోపైతే మామూలు, 140-199 ముందు దశ. 200, ఆపైన వస్తే మరో రోజు మళ్లీ చూసి డాక్టరే నిర్ధారించాలి.

జమాఖర్చులు వెనుక పేజీలో ఉన్నాయి, ఆడిటరుగారు చూశారు. తెల్లవారుజామునే వచ్చిన ల్యాబు టెక్నీషియన్లకు, కుర్చీలిచ్చిన టెంటుహౌసువారికి, పరీక్షయ్యాక అందరికీ ఉప్మా వండిపెట్టిన మహిళా విభాగానికి పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే శిబిరానికి డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు తప్పక తెండి. చేరిన రోజు షుగర్ అందులో రాసి లేకపోతే ఆస్పత్రి రికార్డుల విభాగంలో అడగండి.

కార్యదర్శి