డాక్టరు ఫోను ఇంతవరకూ రాలేదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: డబ్బు కట్టించుకుని డాక్టరుతో మాట్లాడించకపోవడం, నా ఫిర్యాదును నాకు తెలియకుండా మూసివేయడం.

అయ్యా,

మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర బట్టల దుకాణం నడుపుతున్నాను. ఆన్‌లైన్‌లో మందులు అమ్మే మీ కంపెనీకి నేను కొత్తవాణ్ణి కాను. మా అమ్మగారి షుగరు మందులు, నాన్నగారి బీపీ మాత్రలు ఏళ్ల తరబడి మీ దగ్గరే తెప్పించుకుంటున్నాం. మా బావమరిది ఫోనులో మీ యాప్ పెట్టించింది కూడా నేనే. ఆ నమ్మకం కొద్దీ, అన్నదమ్ములతో కూడా అనలేని మాట మీతో చెప్పాను.

నా సమస్య శీఘ్రస్ఖలనం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది ఈ మధ్య మొదలైంది. అన్నీ గోప్యంగా ఉంటాయని, నిపుణుడైన డాక్టరు స్వయంగా ఫోను చేస్తారని మీ ప్రకటనలో రాశారు. ప్యాకేజీ మొత్తం ముందే కట్టాను. డాక్టరు మాట్లాడకముందే మాత్రల పెట్టె ఇంటికి వచ్చేసింది. ఆ మాత్రలు మంచివా కావా అన్నది నా ఫిర్యాదు కాదు. నా మాట వినే మనిషి మీ దగ్గర ఒక్కరైనా ఉన్నారా అన్నదే నా ప్రశ్న.

మొదట మాట్లాడిన అబ్బాయికి తెలుగు రాదు. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చిందో మీకు తెలియదు. అంతా విని, వేరే విభాగానికి కలుపుతానన్నాడు. అక్కడ ఒకామె మళ్లీ మొదటినుంచి చెప్పమంది. చెప్పాను. ఆమె ఇంకొకరికి కలిపింది, ఆయనా మొదటినుంచే చెప్పమన్నాడు. ముందు చెప్పినదంతా రాసుకోలేదా అంటే, 'సర్, మా కంప్యూటర్‌లో కనబడటం లేదు' అన్నాడు. దుకాణంలో గుమస్తాలు, బేరానికి వచ్చిన ఆడవాళ్లు ఉంటారు. మీ ఫోను వచ్చిన ప్రతిసారీ బేరం వదిలేసి కోట గోడ పక్కకు వెళ్లి నిలబడి మాట్లాడాను. పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే మంగళవారం, ఊరంతా వీధుల్లో ఉన్న వేళ, మీ ఆరోగ్య సలహాదారు ఫోను చేసి 'వినబడటం లేదు, సమస్య ఏమిటో గట్టిగా చెప్పండి' అన్నాడు. ఆ జనంలో ఎలా చెప్పమంటారు? సాయంత్రం చేయండి బాబూ అని బతిమాలాను. చేయలేదు. మర్నాడు మాత్రం 'ఖాతాదారు స్పందించనందున ఫిర్యాదు మూసివేశాం' అని సందేశం వచ్చింది. దాని కిందే మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు.

మళ్లీ ఫిర్యాదు పెట్టాను. ఈసారి మాట్లాడిన ఆయనకు తెలుగు వచ్చు. హమ్మయ్య అనుకుని అన్నీ చెప్పాను: గుండె దడగా ఉంటోందని, చేతులు వణుకుతున్నాయని, తిండి తగ్గకపోయినా బరువు తగ్గిపోతున్నానని. అది అందరికీ ఉండే టెన్షనే సర్ అని తేల్చేసి, ఒక తైలం, దానితో వాడాల్సిన చూర్ణం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వారంలో శాశ్వతంగా నయమవుతుందట. నాకు తైలం వద్దు, డాక్టరు కావాలి అన్నాను. లైను కట్ అయింది.

చివరికి మా ఊరి ఆసుపత్రిలో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన తలెత్తి నా ముఖం చూసి మాట్లాడారు. ఇది మొదటినుంచీ ఉందా, మధ్యలో వచ్చిందా అన్నదే ఆయన అడిగిన మొదటి ప్రశ్న. మీవాళ్లలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. మొదటినుంచీ ఉన్నదానికి వైద్యం వేరని, మధ్యలో వచ్చిందంటే వెనుక కారణం వెతకాలని చెప్పారు. అంగస్తంభనలో లోపం, ప్రోస్టేట్ గ్రంథి వాపు, థైరాయిడ్, మనసులోని ఆందోళన, వీటిలో ఏదైనా కావచ్చన్నారు. దడ, వణుకు అనగానే రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ ఉండవలసినదానికంటే చాలా ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. అది అదుపులోకి వస్తే చాలామందిలో ఈ సమస్య కూడా తగ్గుతుందట. నా భార్యను కూడా కూర్చోబెట్టి, కలయికలో మధ్యమధ్య ఆపి మళ్లీ మొదలుపెట్టే పద్ధతి, కటి కండరాల వ్యాయామం గురించి ఏ సంకోచం లేకుండా వివరించారు. ఇది ఎంతోమంది మగవాళ్లకు ఉండేదేనని, సిగ్గుపడవలసిన పని లేదని ఆమె ఎదుటే చెప్పారు. ఆ ఒక్క మాట కోసమే నేను మీకు డబ్బు కట్టాను.

మీరు పంపిన డాపోక్సెటిన్ అనే శీఘ్రస్ఖలనం మాత్రలు చూసి ఆయనకు కోపం వచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోయి కొందరు స్పృహ తప్పవచ్చని, గుండె జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదని చెప్పారు. గుండె దడ అని నేను మొత్తుకున్నది ఎవరికి? మీ మనుషులకే కదా! దుకాణంలో చొక్కా వెనక్కి తెచ్చినవాణ్ణి కూడా మేము కూర్చోబెట్టి ఏమైందని అడుగుతాం. మీరు చేస్తున్నది మందుల వ్యాపారం.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మీరు రెండూ చేయలేదు. నా డబ్బు తిరిగి ఇవ్వండి, నా వివరాలు మీ దగ్గర నుంచి తొలగించండి. కానీ ముందు, బాధ్యత గల మనిషి ఒకరు తెలుగులో ఫోను చేసి, జరిగింది తప్పని ఒప్పుకోవాలి. నాకు పంపినట్టే చీటీ లేకుండా ఇంకెంతమందికి పంపారో, వాళ్లందరికీ మీ డాక్టర్లు ఫోను చేసి హెచ్చరించాలి. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాట బయటికి చెప్పుకోలేక మీ ప్రకటన చూసి డబ్బు కట్టేవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు ఫిర్యాదు చేయరన్న ధైర్యంతోనే మీరు ఇలా ఉన్నారని నాకు అర్థమైంది.

నేను చేస్తాను. ఈ ఉత్తరం అందిన నెలలోగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉన్న జిల్లాలోనే వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. మీ తైలం ప్రకటనను, 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల నిషేధ చట్టం కింద ఔషధ నియంత్రణ అధికారులకు అందజేస్తాను. నా సమస్య పేరు కమిషన్ ముందు పైకే చదువుతాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
విజయనగరం.